పక్క సీటు మనిషి

పెడన
9 ఫిబ్రవరి 2025

సంపూర్ణమ్మ బతికిందే తల్లీ! పడుగూ దక్కింది!

పలకరింపైనా లేకుండా మొదలెట్టానని నవ్వుకోకు. కలం పట్టుకోగానే చెయ్యి ఆగలేదు. అమ్మా రాజ్యశ్రీ, సూరత్‌లో నువ్వూ, అల్లుడు దుర్గాశంకర్ గారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలియంది కాదు. నువ్వక్కడ అరుస్తావు, నేనిక్కడ అరుస్తాను, వీధి వీధంతా వింటుంది, నేను తప్ప.

జరిగింది విను. మొన్న శుక్రవారం పొద్దున్నే రామకోటేశ్వరరావు కారేసుకుని వచ్చాడు. నేను నేసిన చీరలు విజయవాడ వన్ టౌన్‌లో షావుకారుకి ఇచ్చి రావాలి. ఆయనకి గవర్నర్‌పేటలో కొడుకు సిద్ధార్థ కొట్టు దగ్గర పని. ఎప్పట్లాగే ఆయన నడుపుతున్నాడు. మన వీధి మలుపు తిరిగామో లేదో, ఎదురుగా సంపూర్ణమ్మ వాళ్ళ పడుగు. నీకు గుర్తుందిగా, చీర పొడుగు పోగులన్నీ వీధిలో సాగదీసి కట్టి, ఎండెక్కేలోపు గంజి పట్టించేస్తాం. కోడలు సింధూరి నిండు నెలలతోనే ఒక చివర కుంచెతో దువ్వుతోంది. సంపూర్ణమ్మ పడుగు కింద దూరి తెగిన పోగులు అతుక్కుంటోంది. పైకి కనబడేది దాని కొప్పు ఒక్కటే. సూర్యుడు సరిగ్గా మా మొహాల మీద. కారు ఆగట్లా! నేను స్టీరింగు పట్టుకుని తిప్పేశాను! కారు ఎడంపక్కకి పోయి కరెంటు స్తంభానికి కొట్టుకుంది. లోపల్నించి తెల్లటి బుడగలు టప్పుమని పేలి మా ఇద్దరి మొహాలూ కప్పేశాయి. చచ్చిపోయాను కాబోలు, స్వర్గం దూదితో చేశారు కాబోలు అనుకున్నాను.

సంపూర్ణమ్మ నెమ్మదిగా బయటికొచ్చి ముందు పోగులు చూసుకుంది. తర్వాత స్తంభం చూసింది. తర్వాత నన్ను చూసింది. “సాంబమూర్తన్నా, పడుగు మీదికి రాకుండా భలే తిప్పావయ్యా” అంది. తన ప్రాణం సంగతి గుర్తే లేదు దానికి!

మీ అమ్మ చౌడేశ్వరమ్మ ఆ రోజు పాయసం చేసింది. ఆదివారం కాదు, పండగ కాదు, నాకోసం! పెళ్ళయిన ఇన్నేళ్ళకి.

రామకోటేశ్వరరావుకి ముక్కు మీద చిన్న గీత. కారు ముందు భాగం మాత్రం... పోనీలే, ఇనుమేగా.

ఇట్లు, శుక్రవారం నుంచీ వీధిలో ఛాతీ ముందుకు పెట్టి తిరుగుతున్న
మీ నాన్న, సాంబమూర్తి


సూరత్
18 ఫిబ్రవరి

నాన్నా,

నీ ఉత్తరం కంటే ముందే మైలవరం బాబాయి ఫోన్ వచ్చింది. “మీ నాన్న కోటేశ్వరరావు కారు తీసికెళ్ళి స్తంభానికి కొట్టాడటమ్మా” అన్నాడు. నీ ఉత్తరం చూస్తే, ఆయన నడుపుతున్నాడని ఒక చోట రాశావు, నేనే తిప్పేశానని ఇంకో చోట రాశావు. నిజం చెప్పు. నువ్వే నడిపావా? ఈ వయసులో నీకు డ్రైవింగు నేర్పింది ఎవరు? కోటేశ్వరరావు మావయ్యగారేనా?

సంపూర్ణమ్మత్తకి ఏం కాలేదు, అదే పదివేలు. కానీ నీ ఒంటి సంగతి ఒక్క ముక్క రాయలేదు. నువ్వు సంతోషంగా రాస్తేనే నాకు భయం. అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు కూడా “డాక్టరు గారిది ఎంత మంచి నవ్వో” అని పేజీలు పేజీలు రాశావు, ఆపరేషన్ అన్న మాట చివర్లో రాశావు.

తలకి స్కాన్ తీయించుకో. ఎదురింటి వాళ్ళ అబ్బాయిని తోడు తీసుకుని బందరు వెళ్ళు. మాకు మార్చి దాకా సెలవు దొరకదు, ఈయన మార్కెట్టు వదిలి కదల్లేరు. పిల్లలు తాతయ్య మొహం మీద బుడగ పేలిన కథ రోజూ చెప్పించుకుంటున్నారు.

నీ
రాజ్యం


పెడన
27 ఫిబ్రవరి

అమ్మా రాజ్యం,

నా తల భేషుగ్గా ఉంది. స్కాన్ తీస్తే లోపల ఏమీ లేదని తేలిపోతుంది, అప్పుడు మీ అమ్మ నన్ను బతకనివ్వదు.

కారు నేను నడపలేదు. నడపడం నాకు రాదు, రావాలనీ లేదు. నేను కూర్చున్నది పక్క సీటు. అక్కణ్ణించే చెయ్యి చాపాను. మైలవరంలో కూర్చుని ఇక్కడి వీధి చూసే దూరదృష్టి మీ బాబాయికి ఎవరిచ్చారో అడుగు.

ఇక ఇంకో విశేషం. నాకు రిజిస్టరు పోస్టులో లాయరు నోటీసు వచ్చింది! పోస్టుమాన్ సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు ఒక్క తప్పు లేకుండా టైపు కొట్టారు. రేషన్ కార్డులో కూడా ఇంత శుభ్రంగా లేదు. లోపల ఏముందంటే, పక్క సీటులో కూర్చున్న నేను అజాగ్రత్తగా స్టీరింగు పట్టుకుని లాగి కారుకి నష్టం చేశానట. షెడ్డు వాళ్ళ బిల్లు మొత్తం నేనే కట్టాలట, లేకపోతే కోర్టులో దావా వేస్తారట. బిల్లు అంకె నీకు రాయను. కొడుకు సిద్ధార్థ ఈసారి ఎదుటివాళ్ళకి తగిలే దెబ్బలకి మాత్రమే ఇన్సూరెన్సు కట్టాడట, సొంత బండికి కట్టలేదట. అందుకని వాళ్ళ ఇన్సూరెన్సు కంపెనీ నేనయ్యాను.

ఇదంతా చదివి నేను భయపడలేదు. నవ్వాను కూడా. ఒక్కటే నాకు మింగుడు పడలేదు. నోటీసు పైన “మా క్లయింటు” అని రామకోటేశ్వరరావు పేరుంది.

వాళ్ళింటికి వెళ్ళాను. సిద్ధార్థ అడ్డం నిలబడి, “నాన్న పడుకున్నారు మావయ్యా. ఏదున్నా లాయరుగారితో మాట్లాడండి” అన్నాడు. నేను వినబడనట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను. మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా. చెప్పడానికి సిగ్గేస్తే రెండోసారి నెమ్మదిగా చెబుతాడని చూశాను. సిగ్గెయ్యలేదు. పైన కిటికీ తెర కదిలింది. పడుకున్న మనిషి తెర ఎందుకు కదుపుతాడు?

చిన్నప్పుడు ఐదో తరగతి దాకా ఒక్క బెంచీ మాది. నలుగురిలో “రామకోటేశ్వరరావు గారూ” అంటాను, వాళ్ళు భూములున్నవాళ్ళు, మనం మగ్గం వాళ్ళం. ఇద్దరమే ఉంటే “ఏరా” అంటే “ఏరా”. ఆ మనిషి తెర వెనక నిలబడ్డాడు.

నేను కట్టను. చేతులు జోడించను. వెయ్యమను దావా!

ఇట్లు, నోటీసు అందుకున్న ఘనుడు
మీ నాన్న


సూరత్
8 మార్చి

నాన్నా,

నీకు ఇది ఆటలా ఉంది. మాకు నిద్ర లేదు.

ఈయన వాళ్ళ కంపెనీ లాయర్ని అడిగారు. పక్కన ఊరికే కూర్చున్నవాడి మీద మామూలుగా ఏ బాధ్యతా ఉండదట. కానీ స్టీరింగు మీద చెయ్యి వేస్తే ఆ చేసిన పనికి జవాబు చెప్పాల్సి రావచ్చట. కోర్టంటే ఏళ్ళ తరబడి తిరగాలి. బందరు బస్సెక్కి, చెవులు వినబడకుండా, ఎవడేం అడుగుతున్నాడో తెలియకుండా బోనులో నువ్వు నిలబడటం నేను ఊహించుకోలేను.

అందుకని ఒక పని చేశాను. కోప్పడకు. సిద్ధార్థకి ఉత్తరం రాశాను. చిన్నప్పుడు మన ఇంట్లో అన్నం తిన్నవాడేగా. “మా నాన్న పెద్దవాడయ్యాడు, వినికిడి లేదు, కంగారులో పొరపాటున ఏదో చేశాడు, తెలిసి చేసింది కాదు, మనసులో పెట్టుకోవద్దు” అని. ఈయన చదివి బాగుందన్నారు.

నీ తరఫున నేను తగ్గితే నీకేం పోదు నాన్నా. అమ్మ మందులు ఆపకుండా వేసుకుంటోందా?

రాజ్యం


పెడన
16 మార్చి

అమ్మా రాజ్యశ్రీ,

నీ ఉత్తరం చదివి, మీ అమ్మ చేతికిచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయాను. ఎండకి కాళ్ళు కాలి తిరిగొచ్చాను. మీ అమ్మ, “కూతురు ప్రేమకొద్దీ రాసింది, మింగెయ్” అంది. ప్రేమ మింగాను. “పొరపాటున” అన్న మాట గొంతులో అడ్డం పడింది.

తల్లీ, పొరపాటు అంటే ఏమిటో నాకు తెలుసు. మొన్న కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను, అదీ పొరపాటు. నీ పెళ్ళిలో మగపెళ్ళివారి బామ్మగారిని వంటావిడ అనుకుని పులిహోరలో పోపు మాడిందని తిట్టాను, అదీ పొరపాటు. ఇది కాదు. నేను చూశాను. చూసి, తిప్పాను. ఎటు తిప్పాలో కూడా చూసుకునే తిప్పాను. కుడివైపు సింధూరి ఉంది, ఎడంవైపు స్తంభం ఉంది. స్తంభానికి కాన్పు నెల కాదుగా!

మర్నాడే బందరు వెళ్ళి లాయరు ఇశ్రాయేలు గారిని కలిశాను. మన వీధి వాళ్ళ ఇళ్ళ తగాదాలు ఆయనే చూస్తాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు, కోర్టు బయట టీ తాగేవాళ్ళందరికీ నా కేసు పూర్తిగా అర్థమయ్యింది. ఆయన చెప్పింది ఇది. కారు నడపడం నడిపేవాడి బాధ్యత. పక్కవాడు చెయ్యి పెడితే, ఆ చెయ్యి ఎందుకు పెట్టాడన్నదే కేసు. అజాగ్రత్తగా, పొరపాటున లాగితే నష్టం కట్టాలి. ఎదురుగా మనిషి ప్రాణం పోయేలా ఉంటే, వేరే దారి లేక, తెలిసి లాగితే అది తప్పు కాదని వాదించడానికి చోటుంది. “గెలుస్తామని రాసివ్వలేను గానీ నిలబడటానికి నేల ఉంది సాంబమూర్తి గారూ. మీ అమ్మాయి ఉత్తరం ఆ నేలనే తవ్వేసింది” అన్నాడు. సిద్ధార్థ వాళ్ళ లాయరు నీ ఉత్తరం జిరాక్సు తీయించి పంపాడు మరి!

నన్ను కాపాడబోయి నన్ను మతిలేనివాణ్ణి చేశావు. కోపం లేదు. ఉంది, కానీ నువ్వు అక్కడున్నావు కాబట్టి తగ్గింది.

వీధి వాళ్ళు చందా వేసుకుని బిల్లు కట్టేస్తామన్నారు. సంపూర్ణమ్మ చెవి దిద్దులు తీసి మీ అమ్మ చేతిలో పెట్టబోయింది. నేను ఒప్పుకోలా. కడితే ఏమవుతుందో చెప్పనా? రేపు ఇంకో కారులో ఇంకొకడు కూర్చుంటాడు. ఎదురుగా మనిషి కనబడుతుంది. వాడికి సాంబమూర్తి గుర్తొచ్చి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటాడు. నా వల్ల అలాంటిది జరగనివ్వను.

ఇశ్రాయేలు గారు ఇంకోటి అడిగాడు. “ఎదురుగా మనిషి ఉంటే నడిపే ఆయన బ్రేకెందుకు వెయ్యలేదు?” అని. అది నన్నడక్కండి అన్నాను.

మీ నాన్న
(పొరపాటున కాదు, తెలిసే సంతకం పెడుతున్నాను)


సూరత్
25 మార్చి

నాన్నా,

తప్పయిపోయింది. జిరాక్సు మాట చదివి ఏడ్చాను. సిద్ధార్థ అంత పని చేస్తాడనుకోలేదు.

కానీ ఇశ్రాయేలు గారు అడిగిందే నేనూ అడుగుతున్నాను. మావయ్యగారు బ్రేకెందుకు వెయ్యలేదు? నువ్వు ఏదో దాస్తున్నావు. మొదటి ఉత్తరంలోనే “కారు ఆగట్లా” అని రాసి వదిలేశావు. ఈయన అంటున్నారు, ఆయన పొద్దున్నే తాగి ఉంటారు, నువ్వు స్నేహానికి కప్పిపుచ్చుతున్నావు అని. అదే నిజమైతే ఆ ఒక్క మాట చెప్పు, కేసు అక్కడితో పోతుంది. నిన్ను కోర్టుకీడ్చినవాళ్ళ పరువు నువ్వెందుకు మోయాలి?

నాకైనా చెప్పు.

రాజ్యం


పెడన
3 ఏప్రిల్

రాజ్యం,

ముందు అల్లుడు గారికి చెప్పు. రామకోటేశ్వరరావు పుట్టినప్పటినుంచీ తాగింది మజ్జిగ. అదీ ఉప్పు లేకుండా.

ఇక ఇది నీ ఒక్కదానికే. చదివి పొయ్యిలో వెయ్యి. మీది గ్యాసు పొయ్యి అంటావు, చింపేసెయ్.

ఆయనకి కనబడదమ్మా. రెండు కళ్ళకీ శుక్లాలు. మామూలు వెలుగులో మసగ్గా ఏవో ఆకారాలు తెలుస్తాయి, ఎదురెండ పడితే అంతా తెల్లగా అయిపోతుంది. కిందటి వర్షాకాలంలో కనిపెట్టాను. గూడూరు దగ్గర గేదె అడ్డం వస్తే ఆయన చింతచెట్టుని చూసి హారన్ కొట్టాడు. “ఏరా, చెట్టు తప్పుకుంటుందా?” అన్నాను. కారు పక్కకి ఆపి చాలాసేపు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఆపరేషన్ చేయించుకోరా అంటే భయం. వాళ్ళ అన్నగారికి ఆపరేషన్ చెడి ఉన్న చూపూ పోయింది. కొడుక్కి చెబితే తాళం లాక్కుంటాడు. భార్య పోయింది, పొలం కౌలుకిచ్చేశారు, కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. ఆయన మాట వినేది ఆ కారు ఒక్కటే.

అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను కళ్ళు, ఆయన చెవులు. నేను పక్కన కూర్చుని, “ఎడమ పక్క సైకిలు. ముందు ఆర్టీసీ బస్సు, ఆగుతోంది. స్పీడ్ బ్రేకర్రా, నెమ్మది” అంటూ ఉండేవాణ్ణి. ఆయన, “వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడ్రా, తప్పుకోనా?” అనేవాడు. అలా ఎన్నిసార్లు విజయవాడ వెళ్ళొచ్చామో! బ్యారేజీ పక్కనుంచి వెళ్తుంటే కృష్ణలో నీళ్ళు ఎంత ఉన్నాయో కూడా చెప్పించుకునేవాడు. పాతికేళ్ళ కుర్రాళ్ళలా నవ్వుకునేవాళ్ళం తల్లీ.

ఆ శుక్రవారం ఆపరా ఆపరా అని అరిచాను. “ఎక్కడ్రా? ఎక్కడ్రా?” అంటూ ఉన్నాడు. ఎక్కడో చెప్పే వ్యవధి లేదు. చెయ్యి వేశాను.

ఇది చెబితే నేను గెలుస్తానని నాకూ తెలుసు. చెప్పను. మాటిచ్చాను. పొరపాటున తిప్పానని కూడా చెప్పను, అది అబద్ధం. ఈ రెండిటి మధ్యా ఎంత చోటుంటే అంతలో నిలబడతాను. నువ్వు ఎవరికీ చెప్పకూడదు. నా మీద ఒట్టు.

వచ్చే నెల పదహారున బందరు కోర్టు ఆవరణలో రాజీ మాటలకి రమ్మన్నారు. దావా వేసేలోపు జడ్జిగారి ముందు కూర్చుని తేల్చుకునే ఏర్పాటు. తెల్ల పంచె ఉతికించి పెట్టాను.

మీ నాన్న


సూరత్
14 ఏప్రిల్

నాన్నా,

ఒట్టు పెట్టావు కాబట్టి ఈయనక్కూడా చెప్పలేదు. కానీ నిన్ను తిట్టకుండా ఉండలేను.

మీ ఇద్దరికీ బుద్ధుందా? కళ్ళు లేనివాడు నడపడం, చెవులు లేనివాడు దారి చెప్పడం! నవ్వుకున్నామని రాస్తావా? నా పిల్లలు ఇక్కడ బడి నుంచి రోడ్డు పక్కనే నడిచొస్తారు. ఎదురుగా మీలాంటి ముసలాళ్ళ కారు వస్తే? సంపూర్ణమ్మత్తని కాపాడానని మురుస్తున్నావు. ఆవిడ మీదికి ఆ కారుని అంత దూరం తెచ్చిందీ మీరే. ఆయన నడపకూడదని ఆ చింతచెట్టు దగ్గరే నువ్వు గట్టిగా చెప్పాల్సింది. స్నేహమంటే అదీ.

ఇంతకంటే ఎక్కువ రాస్తే కాయితం చిరుగుతుంది.

ఒకటి మాత్రం చేశాను. సిద్ధార్థకి మళ్ళీ రాశాను, రిజిస్టరు పోస్టులో. “మా నాన్నని అడక్కుండా నేను రాసిన మాట తప్పు. ఆయన చూసే తిప్పాడు, తెలిసే తిప్పాడు. ఎందుకో మీ నాన్నగారిని అడుగు” అని. అంతే రాశాను. ఒట్టు తప్పలేదు.

ఎండకి వెళ్ళేటప్పుడు గొడుగు తీసుకెళ్ళు.

రాజ్యం


పెడన
18 మే

సంతకం పెట్టలేదు తల్లీ! పెట్టలేదు! కోటేశ్వరరావు నోరు విప్పాడు!

నీ తిట్ల ఉత్తరం జేబులో పెట్టుకునే బందరు వెళ్ళాను. నువ్వన్నది నిజమే. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. గొడుగు తీసుకెళ్ళాను, బస్సులో మర్చిపోయాను. మీ అమ్మకి చెప్పకు.

ఎండాకాలం కదా, చిన్న గది, పెద్ద ఫ్యాను. ఆ ఫ్యాను మోతకి నాకు ఆ కాస్తా వినబడదు. బల్లకి అటు రిటైరైన జడ్జమ్మ. ఇటు నేను, ఇశ్రాయేలు గారు. ఎదురుగా సిద్ధార్థ, వాళ్ళ లాయరు, చివరి కుర్చీలో రామకోటేశ్వరరావు. తల ఎత్తలేదు. బాగా చిక్కిపోయాడు.

సిద్ధార్థ వాళ్ళ లాయరు ఒక కాగితం తోశాడు. ఇశ్రాయేలు గారు నా చెవిలో చెప్పాడు. “మీ పంట పండింది. ఒక్క రూపాయి కట్టక్కర్లేదట. పొరపాటున తిప్పాను, క్షమించండి అని సంతకం పెడితే చాలట. ఊళ్ళో అంతా వాళ్ళ నాన్నకి డ్రైవింగు రాదంటున్నారని ఆ అబ్బాయి బాధ. పెట్టెయ్యండి, ఇంటికెళ్ళిపోదాం.”

కలం కూడా మూత తీసి ఇచ్చారు. నేను మూత పెట్టి తిరిగిచ్చాను.

“అమ్మా, బిల్లు కట్టమంటే మగ్గం అమ్మైనా కడతానేమో గానీ ఈ మాట కింద సంతకం పెట్టను. నేను చూసే తిప్పాను. మళ్ళీ అలాంటిదే ఎదురైతే మళ్ళీ తిప్పుతాను. మీరున్న కారైనా సరే!” అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు, బయట బంట్రోతు తలుపు తీసి చూశాడు. జడ్జమ్మకి నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నా ముందు పెట్టింది. “నడిపే ఆయన బ్రేకెందుకు వెయ్యలేదు?”

చదివాను. “నా చెయ్యి గురించి అడగండి, చెబుతాను. ఆయన కాలు గురించి నన్నడక్కండి” అన్నాను.

సిద్ధార్థ లేచి ఏదో అన్నాడు. చూశారా, ఆయన దగ్గర జవాబు లేదు అన్నాడట. నాకు వినబళ్ళేదు. వాడి వేలు మాత్రం కనబడింది, నా వైపు చూపిస్తోంది.

అప్పుడు చివరి కుర్చీ వెనక్కి జరిగింది. రామకోటేశ్వరరావు బల్ల అంచు తడుముకుంటూ నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. సిద్ధార్థ మెల్లగా కూర్చున్నాడు. జడ్జమ్మ కళ్ళజోడు తీసింది. ఇశ్రాయేలు గారు రాయడం ఆపేశాడు. నాకు ఫ్యాను తప్ప ఏమీ వినబడదే! మా లాయరు గారి మోకాలు గోకి, “ఏమంటున్నాడండీ?” అన్నాను.

ఇశ్రాయేలు గారు నా చెవిలో చెప్పాడు. “నాకు కనబళ్ళేదమ్మా. చాన్నాళ్ళుగా కనబడటం లేదు. వీడు ఆపరా ఆపరా అంటుంటే ఎక్కడ్రా అంటున్నాను. వీడు తిప్పకపోతే నేను మనిషిని చంపి ఉండేవాణ్ణి. మావాడికి చెప్పడానికి సిగ్గేసి తెర వెనక దాక్కున్నాను. వీడు ఇప్పుడు కూడా నా సంగతి చెప్పలేదు చూడండి.”

“ఇంకోసారి చెప్పండి” అన్నాను. మొదటిసారి వినబడక కాదు.

నలుగురిలో నన్ను “వీడు” అన్నాడు, చూశావా! “ఒరే సాంబా” అని కూడా అన్నాడట, అందరి ముందూ.

తర్వాత జడ్జమ్మ మా ఇద్దర్నీ నిలబెట్టి చీవాట్లు పెట్టింది. అచ్చం నీ ఉత్తరమే, నీకంటే చేతిరాత బాగుంది. నాకోసం కాగితం మీద రాసింది మరి. “మీరు తిప్పింది తప్పు కాదు. మీరు ఆ కారెక్కడం తప్పు.” రెండు వాక్యాలూ ఒప్పుకున్నాను. ఆ కాగితం ఇవ్వమని అడిగాను, ఇవ్వలేదు.

సిద్ధార్థ నోటీసు వెనక్కి తీసుకున్నాడు. సంతోషంగా కాదు. నాన్న ఇన్నాళ్ళూ నా దగ్గర దాచి సాంబమూర్తికి చెప్పాడా అని వాడి బాధ కాబోలు, అది నేను తీర్చగలిగింది కాదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం వాళ్ళ నాన్న మోచెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ చెప్పి దింపాడు. తాళం రామకోటేశ్వరరావే తీసి కొడుకు జేబులో వేశాడు.

రాజీ కాగితంలో “ప్రాణం కాపాడటానికి తెలిసే తిప్పాను” అని రాసే దాకా నేను కుర్చీ లోంచి లేవలేదు. దాని కింద పెట్టాను సంతకం. నిజమే, సంతకం పెట్టలేదని పైన రాశాను, అది వేరే కాగితం సంగతి.

ఆపరేషన్ ఇంకా ఒప్పుకోలా. నేను కూడా కంటి డాక్టరు గదిలో పక్క కుర్చీలో కూర్చుంటానంటే ఆలోచిస్తానన్నాడు. వచ్చే సోమవారం బస్సులో వెళ్తున్నాం. బస్సు నడిపేది ఆర్టీసీ డ్రైవరు, కంగారు పడకు.

ఇక నువ్వు ఫోన్లు చెయ్యాల్సినవాళ్ళు వీళ్ళు. ముందు అల్లుడు గారు, మజ్జిగ సంగతి మళ్ళీ చెప్పు. మైలవరం బాబాయి, నడిపింది నేను కాదని ఆయన చేతే ఒకసారి అనిపించు. మంగళగిరి పెద్దమ్మ, నాకోసం అమ్మవారికి మొక్కుకుంది, తీర్చుకోమను. చీరాల పిన్ని, బాబాయి. మీ మేనత్త కూతురు రమాదేవి, కోర్టుకెక్కిన వంశం మనదని దెప్పింది, దానికి కాస్త నెమ్మదిగా, వివరంగా చెప్పు. గుడివాడ అత్తయ్యకి చివర్లో చెయ్యి. ఆవిడ కోటేశ్వరరావుని కూడా ఎరుగును, ఆయన కళ్ళకేమైందని అడుగుతుంది. ఆయన్నే అడగమను. ఇప్పుడు చెబుతాడు.